కుంట పేరు

ఆదివారం, ఇంకా ఏడు కాలేదు. రాత్రి కురిసిన వానకు ఎర్రమట్టి చెప్పులకు అంటుకుంటోంది. మీరు నిలబడ్డది హైదరాబాద్ శివారు కాలనీలో, లేఅవుట్ వేసిననాడు పార్కుకని వదిలిన జాగాలో. ఇన్నాళ్లూ ముళ్లకంప, చెత్త. ఇప్పుడు చుట్టూ నడకబాట, గేటుకు ఆకుపచ్చ రంగు. పెయింట్ వాసన ఇంకా పోలేదు. గేటు మీద బోర్డు మాత్రం ఖాళీ రేకు. దాని మీద ఏం రాయాలో తేల్చడానికే అందరూ వచ్చారు.

కానుగ చెట్టు కింద కుర్చీలు వేశారు. తూర్పు మూల కాస్త పల్లం, అక్కడ మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. చుట్టూ సున్నంతో గీత గీసి ఉంది. పది గంటలకు మొరం ట్రాక్టర్ వస్తుందనీ, ఆ పల్లం పూడ్చి చదును చేయిస్తామనీ కాలనీ సంఘం కార్యదర్శి చెబుతున్నారు. రెండు కొంగలు ఆ నీళ్ల అంచున తిరుగుతున్నాయి.

స్టీలు డబ్బాలో వేసిన చీటీలు ఒక్కొక్కటే విప్పుతున్నారు. గ్రీన్ వ్యూ. హరితవనం. అబ్దుల్ కలాం పార్కు, ఇది నాలుగు చీటీల్లో వచ్చింది. పిల్లల రాత ఒకటి: ఉయ్యాల పార్కు. తర్వాత ఇద్దరు నాయకుల పేర్లు. అక్కడ గొంతులు పెరిగాయి.

నాయకుల పేర్లు తప్పని నేననను. 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు హుస్సేన్ సాగర్ ఒడ్డున పార్కుకు ఉండటం నాకు ఇష్టమే. కానీ కేబీఆర్ పార్కు మాటేమిటి? పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లలో ఆ మూడక్షరాల వెనుక కాసు బ్రహ్మానందరెడ్డి ఉన్నారని ఎంతమంది తలుచుకుంటారు? మాసాబ్ ట్యాంక్ కథ ఇంకా బాధ. మా సాహెబా తలాబ్ అన్న మాట జనం నోళ్లలో నలిగి ఆ పేరైంది. చెరువు పోయింది, ఆ జాగాలో చాచా నెహ్రూ పార్కు వచ్చింది. అక్కడ నీళ్లుండేవని చెప్పేది ఇప్పుడు బస్సు బోర్డు మీది పేరొక్కటే.

వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచింది. కాలనీ రాకముందు నుంచీ ఈ ఊరిదే. కొంగు నడుముకు దోపుకుంది.

"గీ జాగకు పేరు లేదని ఎవరన్నరు బిడ్డా? తుమ్మలకుంట గదా ఇది."

ఎవరూ మాట్లాడలేదు. ఆమె చేయి చాపి చూపిస్తుంటే మీ చూపూ అటే పోతుంది. పడమటి రోడ్డే కట్ట. అందుకే అక్కడ కట్టమైసమ్మ గుడి ఉంది. వినాయకుడి మంటపం వేసే చోట తూము. నిండితే అలుగు పారేది, ఇప్పుడున్న కిరాణా కొట్టు ముందునుంచి. నీరటికాడు తూము తీస్తే కింద వరిమళ్లకు నీళ్లు పోయేవి.

"సద్దుల బతుకమ్మనాడు ఇండ్లన్నీ గీడికే వస్తుండె. గీ నీళ్లల్లనే సాగనంపుతుంటిమి. ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బుల ఏస్తున్నం."

నా పక్కన కూర్చున్న అమ్మాయి తల వంచుకుంది. పోయిన ఏడు ఆ టబ్బులో నీళ్లు పోసింది తనే.

"కుంట అంటే నీళ్లుండాలి కదా అమ్మమ్మా?" ఉయ్యాల చీటీ రాసిన పిల్లాడు అడిగాడు.

ఆమె తూర్పు మూలకు వేలు చూపింది. "గవి ఏంది మరి? వానొస్తే నీళ్లు తమ జాగ తాము ఎతుక్కుంటయి."

ఇక చీటీలు విప్పలేదు. తుమ్మలకుంట పార్కు అని కోశాధికారి తీర్మానం రాశారు. పేరు ఖరారు చేయాల్సింది నగరపాలక సంస్థ, కాగితం సోమవారం వెళుతుంది. సంతకాల కోసం పుస్తకం చేతులు మారుతోంది. పెద్దావిడ దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలిముద్ర వేయలేదు. పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. అంతసేపూ మేమంతా ఆగాం.

తొమ్మిదిన్నర. కార్యదర్శి సున్నం గీత దాకా నడిచి, కొంగల్ని కాసేపు చూసి, ఫోన్ తీశారు.

"అన్నా, బయలుదేరినవా? లేదా? మంచిది. మొరం లోడు వద్దు. ఆ మూల అట్లనే ఉండనీ."