రుమాలు నేర్పిన రూపకల్పన

చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరాన, సముద్రపుటొడ్డున ఉన్న ఊరు వాడరేవు. ఓడను వాడ అనుట మన తీరప్రాంతపు పాత పలుకు. ఈ తీరానికి చేరువనే, చీరాల మగ్గాల మీద, ఒకప్పుడు ఒక చదరపు బట్ట తయారయ్యేది. జాలరులు, పశుల కాపరులు దానిని తలకు చుట్టుకొనేవారు, నడుముకు కట్టుకొనేవారు. సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు కూడా అది ఎగుమతి అయ్యేది. దాని పేరు తేలియా రుమాలు.

ఆ రుమాలును ఇప్పుడు తలచుకొనుటకు కారణమున్నది. డిజైన్ అనేది ఒక చదువనీ, దానితో జీవనం సాగించవచ్చుననీ పదిహేను పదహారేండ్ల పిల్లలకు తెలియజెప్పాలి. అందుకు సెల్‌ఫోనులో ఆడుకొనే ఒక యాప్‌ను తయారు చేస్తే బాగుండునన్న ఆలోచన ఈనాడు వినవస్తున్నది. ఆలోచన మంచిదే. అయితే ఆ ఆటలో ఏముండాలి? ఈ ప్రశ్నకు జవాబు చీరాల రుమాలులోనే ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఆ రుమాలు నేయుటకు ముందు నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోను దినాల తరబడి నానవేసి, పిసికి, ఎండబెట్టేవారు. అందువలన రంగు గట్టిగా పట్టేది, నూనె వాసన మిగిలిపోయేది. తేలియా అన్న పేరు అట్లా వచ్చినదే. రంగులు ముఖ్యంగా మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. పడుగును, పేకను, రెండింటినీ నేతకు ముందే లెక్క ప్రకారం అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఈ పనినే చిటికి కట్టుట అంటారు. మగ్గం మీద పడుగులోని తెల్లచుక్క మీదికి పేకలోని తెల్లచుక్క వచ్చి కూర్చున్నప్పుడే పువ్వు పువ్వుగా కనబడుతుంది. పోగులు జరిగితే అంచు చెదరిపోతుంది. అనగా బట్ట పుట్టకముందే దాని రూపమంతా ఒకరి మనసులో లెక్కగా నిలిచి ఉండాలి. రూపకల్పన అంటే ఇదే. గళ్ళతో, చుక్కలతో మొదలైన ఆ నమూనాలలోనికి ఇరువదవ శతాబ్దంలో గడియారాలు, విమానాలు కూడా వచ్చి చేరినవి. బట్ట పేరు నిలిచినది. ఆ నమూనాలను ఊహించినవారి పేర్లు నిలువలేదు.

ఆ ఇండ్లలోని పిల్లలు కండెలు చుట్టుతూ, పెద్దల చేతులను చూస్తూ ఈ విద్యను నేర్చుకొన్నారు. అది ఆట కాదు, ఇంటిల్లిపాది ఆకలి తీర్చుకొనుటకు చేసిన పని. బడికి పోవలసిన ఈడు మగ్గం గుంట దగ్గరనే గడిచిపోయినది. దానిని మేము పొగడబోము. కాని ఆ పిల్లలకు తెలిసినది తక్కువ విద్య అని కూడా అనజాలము.

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఈ చిటికి విద్య చీరాల నుండి నల్లగొండ ప్రాంతపు నేతగాండ్రకు అందినది. పోచంపల్లి, పుట్టపాక గ్రామాలు దానివలన ప్రసిద్ధికెక్కినవి. అక్కడ పేకను కట్టుటకు ముందు ‘ఆసు’ పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని చేతితో అటునిటు వేల సార్లు తిప్పాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆరవ తరగతితో చదువు మానినవారు. ఆసు పోసి పోసి తన తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుట చూచి, 1992లో ఒక యంత్రం కోసం ప్రయత్నం ఆరంభించినారు. 1999లో అది ఫలించినది. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టినారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన అందమైన బొమ్మతో మొదలుపెట్టలేదు, తల్లి భుజంతో మొదలుపెట్టినారు.

ఆటకూ ఈ విద్యకూ చుట్టరికం లేకపోలేదు. జర్మనీ దేశపు ఫ్రోబెల్ పందొమ్మిదవ శతాబ్దంలో పసిపిల్లల కోసం కొయ్య దిమ్మెలను, గోళాలను ఆటవస్తువులుగా రూపొందించినాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వాటిని చూచిన ఒక తల్లి తన కుమారునికి తెచ్చి ఇచ్చినది. ఆ బాలుడే తరువాత ప్రసిద్ధ వాస్తుశిల్పి అయిన ఫ్రాంక్ లాయిడ్ రైట్. తన పనికి ఆ దిమ్మెలే పునాది అని ఆయన చెప్పుకొన్నాడు. దిమ్మెలు కొన్నే, ఆకారాలు కొన్నే. ఆ కొద్దిపాటితోనే కట్టాలి. రుమాలుకు మూడు రంగులున్నట్లే.

మన దేశంలో 1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు డిజైన్ విద్యను గూర్చి ప్రభుత్వానికి నివేదిక సమర్పించినారు. అందులో వారు ప్రత్యేకంగా మెచ్చుకొన్న వస్తువు మన ఇంటింటా ఉండే చెంబు. 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసినది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా అటువంటి సంస్థ ప్రారంభమై, తొలి సంవత్సరాలలో తెనాలికి దూరం కాని నాగార్జున విశ్వవిద్యాలయ ఆవరణలో నడిచినది. ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశపరీక్ష వ్రాసి ఇటువంటి సంస్థలలో చేరవచ్చును.

వాకిలి తెరచియే ఉన్నది. అది వాకిలి అని తెలియకపోవుటే కష్టం. 1957 నాటి మాయాబజార్ చిత్రాన్ని చూచి మురిసిన పిల్లలలో ఎందరు, ఆ మందిరాలను ముందుగా కాగితం మీద గీసినవారుంటారని తలచినారు? ఆ చిత్రానికి కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం వహించిన మాధవపెద్ది గోఖలే, పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు వారు. మగ్గం విడిచిపెట్టుతున్న ఇంటిలోని పిల్ల, తనకు ఏ విద్యా రాదనుకొని కూలికి పోతున్నది. ఆమె కంటికి చిటికి లెక్క తెలుసునన్న సంగతి ఆమెతో ఎవరూ చెప్పలేదు. ఇది ఆమె ఒక్కతె నష్టం కాదు.

కనుక యాప్ తయారు చేయువారికి మా మనవి ఇది. చుక్కలు, పతకాలు పంచిపెట్టుటతో తృప్తి పడవద్దు. మూడు రంగులిచ్చి ఒక రుమాలు కట్టమనండి. లెక్క తప్పితే అంచు చెదరుట వారి కంటికే కనబడనివ్వండి. మరుసటి ఆటలో ఒక నొప్పిపడే భుజాన్ని చూపి, ఏమి చేస్తారని అడగండి. ఆట ముగిసిన పిదప, ఈ పనితో జీవించేవారు ఎవరో, ఆ చదువు ఎక్కడ దొరుకుతుందో, ఎంత ఖర్చో తేటతెలుగులో చెప్పండి. దానిని మొదట చీరాల, వేటపాలెం, రేపల్లె పిల్లలచేత ఆడించి చూడండి. వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయంలో ఒక ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి, చిటికి కట్టిన పెద్దలను ఇద్దరిని పిలిచి, పిల్లలు చేసిన తప్పులను వారిచేత దిద్దించండి. ఆ పెద్దల పేర్లను మాత్రం ఈసారి మరువక వ్రాసిపెట్టండి.