చిక్కబళ్ళాపురం సీమలో ఇంటిమాట, బడిమాట

కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఎదుటివారిని బట్టి భాషను మార్చుకోవడం తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇంట్లో, పొలంలో, సంతలో తెలుగు మాట్లాడి, తాలూకా కచేరీలోనూ బడిలోనూ కన్నడం అందుకునే ఈ నేర్పును భాషావేత్తలు ద్విభాషికత అంటారు. సందర్భాన్ని బట్టి ఒకే మనిషి రెండు భాషలను వాడగలగడమని దాని అర్థం.

ఈ అలవాటు పాతదనడానికి శాసనాలే సాక్ష్యం. బి. ఎల్. రైస్ 1905లో ప్రచురించిన కోలారు జిల్లా శాసనసంపుటంలో కన్నడ, తెలుగు, తమిళ శాసనాలు మూడూ చోటుచేసుకున్నాయి. విజయనగరం పతనమైన తరువాత గుమ్మనాయకనపాళ్యం, చిక్కబళ్ళాపురం వంటి చోట్ల పాళెగాళ్ళు, అనగా కోటలు కట్టుకుని చుట్టుపక్కల గ్రామాలను ఏలిన స్థానిక నాయకులు, అధికారం చెలాయించారు. ఆ పాళ్యాలు మైసూరు ఏలుబడిలో కలిసిన తరువాత గ్రామ లెక్కలు రాసే శానుభోగుల కన్నడమూ రైతుల తెలుగూ ఒకే ఊరిలో కలిసి బతికాయి.

ఈ కలయికకు నిండైన రూపం చింతామణి తాలూకాలోని కైవారంలో కనిపిస్తుంది. కైవార తాతయ్యగా ప్రసిద్ధుడైన యోగి నారేయణుడు గాజుల వ్యాపారి. ఊరూరా తిరిగి గాజులమ్మే వృత్తిలో ఏ వాకిట ఏ భాష పలికితే మనసుకు అందుతుందో తెలియకుండా పని జరగదు. తరువాత ఆయన కీర్తనలు తెలుగులోనూ కన్నడంలోనూ వెలువడడానికి ఆ అనుభవం కూడా ఒక కారణమని భావించడం సబబు. ఆయన తెలుగు రచనలను ఈ సీమలో కన్నడ లిపిలో అచ్చువేసి పాడుకోవడం విశేషం, ఎందుకంటే చెవికి తెలుగు, కంటికి కన్నడం అలవాటైన పాఠకులకు అంతకు మించిన సులువు మార్గం లేదు.

బడి వ్యాపించాకే ఈ మార్పిడి బరువు పిల్లలపై పడింది. చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, చిక్కబళ్ళాపురంలోనే తొలి చదువు చదివిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు దివానుగా ఉన్న కాలంలోనే, 1913లో ప్రాథమిక విద్యా చట్టమూ 1915లో కన్నడ సాహిత్య పరిషత్తూ వచ్చాయి. ఇంటిభాష వేరైనవారు కూడా రాజ్యభాషను తమదిగా చేసుకున్నారనడానికి ఇది గొప్ప నిదర్శనమే కాని, అంతటి ప్రతిభ అందరు పిల్లల నుంచీ ఆశించదగినది కాదు.

1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది. చిక్కబళ్ళాపురం దాని నుంచి విడివడి 2007లో ప్రత్యేక జిల్లా అయింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని చెప్పే రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం కూడా 1956లోనే చేరింది. అంతకుముందే, 1949లో, ఒక మాతృభాష పిల్లలు తరగతిలో పదిమంది గాని బడిలో నలభైమంది గాని ఉంటే ఆ భాషకు కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలని రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. బడిలో కన్నడానికి ప్రథమ స్థానం ఇవ్వాలని కోరిన గోకాక్ ఉద్యమం 1982లో ఆ భాష స్థానాన్ని మరింత బలపరచింది. ఆ కోరిక న్యాయమైనదే, కన్నడం రాకుండా ఈ జిల్లా బిడ్డకు ఉద్యోగం లేదు, న్యాయస్థానంలో మాట లేదు. అయితే ఇంట తెలుగు విని వచ్చిన పసివాడికి మొదటి ఏడాదిలో పాఠం అందకపోతే ఆ నష్టం కన్నడానికీ నష్టమే.

పుస్తకం కన్నడంలో చదివించి అర్థం తెలుగులో చెప్పే ఉపాధ్యాయులు ఈ సీమలో ఎందరో ఉన్నారు. వారు సొంత వివేకంతో చేస్తున్న ఈ పనిని విద్యాశాఖ గుర్తించి, అంగన్‌వాడీ మొదలు రెండో తరగతి వరకు తెలుగును వివరణభాషగా అనుమతించి, అందుకు తగిన శిక్షణ ఇవ్వాలి.