వేసవి వంటలో మిరియము, మిరప

చైత్రమాసము రాగానే మన వంటయిండ్ల తీరు మారుతుంది. ఉగాదినాడు వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లము, లేత మామిడికాయ కలిపి పచ్చడి చేసి దేవునికి నివేదిస్తాము. శ్రీరామనవమికి పానకము, వడపప్పు. వైశాఖము నాటికి ముదిరిన పుల్లమామిడి ముక్కలు ఆవకాయగా జాడీలకెక్కుతాయి.

ఇవన్నీ అనాదిగా ఇట్లే ఉన్నవని మనము భావిస్తాము. కాని మిరప అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కోడగామా మన పశ్చిమ తీరమునకు చేరిన తరువాత పోర్చుగీసువారి ఓడల ద్వారా అది మన దేశమునకు వచ్చింది. అంతకు పూర్వము మన పెద్దలు కారమునకు వాడినవి మిరియాలు, శొంఠి, పిప్పళ్లు, ఆవాలు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో ఎన్నెన్నో వంటకముల వర్ణన ఉన్నది. మిరప ఊసే లేదు. మన ఆవకాయ కూడ పేరును ఆవపిండి నుండియే తెచ్చుకొన్నది. ఆవకాయను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు, అది లేని వేసవి మాకును ఊహకందదు!

ఇంటి కూరలన్నిటిలో ప్రవేశించిన మిరప పానకపు బిందెలోనికి మాత్రము రాలేదు. అందులో నేటికిని బెల్లము, ఏలకులు, మిరియాలపొడియే. శ్రాద్ధదినమున సైతము ఎన్నో కుటుంబములవారు మిరపను మాని మిరియమే వాడుతారు. అయితే పిల్లలకు ఘాటని కొందరు పానకములో మిరియమును మానివేసి వట్టి బెల్లపునీరు పోస్తున్నారు. పొడి తగ్గించండి, మానకండి. మిరియాలు అప్పటికప్పుడు దంచి కలిపితే చిటికెడు చాలును.