ఎన్‌ఆర్ 500: హోండా కోల పిస్టన్ల రేసు బండి

జపాన్ కంపెనీ హోండా 1979-81 మధ్య గ్రాండ్ ప్రి పందేల్లో దించిన 500 సీసీ ఫోర్ స్ట్రోక్ బండి ఇది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దీనికి ఒక్క పాయింటూ రాలేదు. అయినా ఇంత సాహసంగా గీసిన రేసు ఇంజన్లు అరుదు. 1950ల మధ్యలో మోటో గుజ్జి తెచ్చిన ఎనిమిది సిలిండర్ల బండినే దీని సరసన చెప్పుకోవచ్చు.

1967 సీజన్‌తో గ్రాండ్ ప్రి నుంచి తప్పుకున్న హోండా, తిరిగి వస్తున్నట్టు 1977 చివర్లో ప్రకటించింది. అప్పటికి 500 సీసీ తరగతిని సుజుకి, యమహా టూ స్ట్రోక్‌లు ఏలుతున్నాయి. టూ స్ట్రోక్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ సిలిండరు మండుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకోసారే. ఆ తేడా పూడాలంటే ఇంజను దాదాపు రెట్టింపు వేగంతో తిరగాలి. అందుకు ఎనిమిది చిన్న సిలిండర్లు అనువు, నిబంధనలేమో నాలుగు దాటనివ్వవు. హోండా ఇంజనీర్ షోయిచిరో ఇరిమాజిరి బృందం రెండేసి సిలిండర్లను కలిపి ఒక్కో కోల సిలిండరుగా మార్చింది.

పిస్టన్ పొడవు 93.4 మి.మీ., వెడల్పు 41, స్ట్రోక్ 36. ఒక్కోదానికి రెండు కనెక్టింగ్ రాడ్లు, రెండు స్పార్క్ ప్లగ్గులు, ఎనిమిది వాల్వులు. మొత్తం వాల్వులు 32.

అసలు చిక్కు రింగులతో వచ్చింది. హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో యమహా ఆర్‌ఎక్స్ 100 బ్లాకు అరిగితే మెకానిక్ దాన్ని లేత్ షాపుకు పంపి రీబోర్ చేయిస్తాడు, ఓవర్‌సైజు పిస్టన్ వేస్తాడు. బోరు గుండ్రం కాబట్టే అది సాధ్యం. గుండ్రటి రింగు తన స్ప్రింగు గుణంతో చుట్టూ సమానంగా గోడను నొక్కుతుంది. కోల రింగు తిన్నటి వైపుల్లో ఆ ఒత్తిడి రాబట్టడం కష్టం. కోల బోరును, దానికి కుదిరే రింగులను తయారుచేసే పద్ధతులు హోండా కొత్తగా కనుక్కోవాల్సి వచ్చింది.

శక్తిపై లెక్కలు కలవవు. 19,000 ఆర్‌పీఎం దగ్గర 115 హార్స్‌పవర్ అన్నది కంపెనీ మాట. ఆరంభంలో అంతకంటే తక్కువేనని పలువురు రాశారు.

తొలి పందెం 1979 ఆగస్టు 12న, సిల్వర్‌స్టోన్‌లో. హోండా రైడర్లలో మిక్ గ్రాంట్ తన బండి కార్చిన ఆయిల్ మీదే జారి మొదటి ల్యాపులోనే పడ్డాడు. తకజుమి కతయామా బండి కొద్ది ల్యాపులకే ఆగిపోయింది. తర్వాత ఫ్రెంచ్ గ్రాండ్ ప్రిలో ఇద్దరూ అర్హత కూడా సాధించలేదు.

ఈ ఓటమిని చాలామంది పిస్టన్లకే అంటగట్టారు. ఛాసిస్‌దీ సమాన బాధ్యత అనే వాదన మరింత సబబుగా కనిపిస్తుంది. ఇంజనును రొయ్య పెంకులా చుట్టిన అల్యూమినియం రేకుల ఛాసిస్, పోటీదారులకు 18 అంగుళాల చక్రాలుంటే దీనికి 16: పరీక్షకు నిలవని కొత్తదనాలన్నీ ఒకేసారి మీద పడ్డాయి. చిన్న మరమ్మతుకూ బండి సగం విప్పాలి. 1980లో మామూలు ఫ్రేముకు మారాక బండి కుదుటపడటం ఈ వాదనకే బలం.

1981 జూన్‌లో సుజుకా 200 కిలోమీటర్ల పందెం కెంగో కియామా గెలిచాడు. పెట్రోలు కోసం ఆగకపోవడం కలిసొచ్చిందంటారు. ఆ ఏడాదే లగునా సేకాలో ఫ్రెడ్డీ స్పెన్సర్ ఒక హీట్‌లో యమహా రైడర్ కెన్నీ రాబర్ట్స్‌ను ఓడించాడు.

1982లో హోండా టూ స్ట్రోక్ ఎన్‌ఎస్ 500కు మారింది. మరుసటి ఏడాది స్పెన్సర్ దానిపైనే ప్రపంచ టైటిల్ గెలిచాడు. కోల పిస్టన్ 1987 లే మాన్ 24 గంటల పందెంలో 750 సీసీ రూపంలో మళ్లీ కనిపించి, మధ్యలోనే ఆగింది. 1992లో సుమారు 300 బండ్లుగా రోడ్డు మీదికొచ్చింది.