జంట మళ్ళ లెక్క

"ఆ విత్తనం వేస్తే ఎకరానికి బస్తా ఎక్కువ పండిందండీ" అని ఒకరంటారు. "మా చేలో వేస్తే వున్నదీ పోయింది" అని ఇంకొకరు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. మరి విత్తనానికి డబ్బు పెట్టేవాడు ఎవరి మాట నమ్మాలి? ఈ చిక్కుముడిని బార్లీ లెక్కలతో విప్పిన ఒకాయన కథ చెప్పుకుందాం.

ఆయన పేరు విలియం సీలీ గాసెట్. 1876లో ఇంగ్లండులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో రసాయన శాస్త్రం చదివి, 1899లో డబ్లిన్ నగరంలోని గిన్నెస్ బీరు కంపెనీలో చేరాడు. బీరుకు ముడిసరుకు బార్లీ గనుక చేలతో పని పడింది. ఆనాటి గణాంక శాస్త్రానికి వందలకొద్దీ అంకెలు కావాలి. చేలో పరీక్ష చేస్తే పదో పన్నెండో మాత్రమే వస్తాయి! అంత కొద్ది అంకెలతో ఎంతవరకు నమ్మవచ్చునో 1908లో 'బయోమెట్రికా' పత్రికలో రాశాడు. ఉద్యోగులు సొంత పేరుతో అచ్చువేయించుకోవటానికి కంపెనీ ఒప్పుకోదు గనుక 'స్టూడెంట్', అంటే విద్యార్థి, అని మారుపేరు పెట్టుకున్నాడు.

అందులో ఒక ఉదాహరణ చూడండి. బట్టీలో ఆరబెట్టిన బార్లీ విత్తనం మామూలు విత్తనం కంటె ఎక్కువ పండుతుందా? 11 జతల మళ్ళ లెక్క వుంది. మామూలు విత్తనం ఒకచోట ఎకరానికి 1,316 పౌన్లే పండితే, మరొకచోట 2,496 పండింది. భూముల మధ్యే ఇంత అంతరముంటే విత్తనం గుణం ఎక్కడ కనబడుతుంది? అందుకే జత కట్టటం. ఒక్కొక్క జతలో తేడా మాత్రమే తీసుకుంటే భూమి బలం చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ తేడాలివి: 106, 101, 72, 62, 38, 127, 24 పౌన్లు ఎక్కువ; 20, 33, 36, 70 పౌన్లు తక్కువ.

సగటున 33.7 పౌన్లు లాభం. ఏడుచోట్ల గెలుపు, నాలుగుచోట్ల ఓటమి. సంబరపడకండి. రూపాయి బిళ్ళను 11 సార్లు ఎగరేస్తే ఏడు లేక అంతకు మించి బొమ్మలు పడటం నూటికి 27 సార్లు జరిగేదే.

ఇంకా గట్టి లెక్క వుంది. ప్రతి తేడాలోంచీ సగటు తీసి, వర్గం చేసి, అన్నీ కూడి, 11కి ఒకటి తక్కువ, అంటే 10తో భాగించి, వర్గమూలం తియ్యండి. 66 వస్తుంది. దాన్ని 11 వర్గమూలంతో భాగిస్తే సుమారు 20. సగటులో వుండగల పొరపాటుకు ఇదే కొలత. 33.7 దీనికి 1.7 రెట్లు మాత్రమే. నూటికి అయిదుపాళ్ళ అనుమానానికి లోబడాలంటే ఇన్ని జతలకు పట్టిక ప్రకారం 2.23 రెట్లుండాలి. కనుక బట్టీ విత్తనం మంచిదని రుజువు కాలేదు. చెడ్డదనీ రుజువు కాలేదు సుమండీ! ఈ రెండోమాట చాలామంది మరచిపోతారు.

జతలో ఏ మడికి ఏ విత్తనమన్నది లాటరీ వేసి తేల్చాలని ఫిషర్ అనే పండితుడు పట్టుబట్టాడు. వరసగా సర్దటమే మేలని గాసెట్ అన్నాడు. ఆయన 1937లో పోయాడు. ఈ వాదంపై ఆయన చివరి వ్యాసం 1938లో అచ్చయింది. నన్నడిగితే మన చేలలో బొమ్మా బొరుసా వేయటమే మంచిది. లేకపోతే కాలవ పక్క మడి కొత్త విత్తనానికే పోతుంది. గట్టుకు అటూ ఇటూ రెండు మళ్ళు, ఒకేరోజు విత్తు, ఒకే ఎరువు, ఒకే తడి. కోత కోశాక కాటా వేసి రెండు అంకెలూ అప్పుడే పుస్తకంలో రాసిపెట్టండి.