లావోజీ (ముచీ చిత్రం)

లావోజీ చిత్రం 13వ శతాబ్దంలో చైనాలో కాగితంపై నల్లసిరాతో గీసిన వృద్ధుని చిత్తరువు. టావో మతానికి మూలపురుషునిగా భావించే లావోజీ ఇందులోని వ్యక్తి. దక్షిణ సాంగ్ వంశకాలపు బౌద్ధ భిక్షువు ముచీ దీనిని గీసినట్లు చెబుతారు. ఇది జపానులోని ఒకయామా ప్రిఫెక్చర్ కళా మ్యూజియంలో ఉన్నది. అక్కడ దీనికి "ముక్కు వెంట్రుకల లావోజీ" అన్న వాడుక పేరు కూడా కలదు.

చిత్రణ

లావోజీ అనగా "వృద్ధ గురువు" అని అర్థం. ఆయన క్రీ.పూ. 6వ శతాబ్దానికి చెందినవాడని సంప్రదాయం. అట్టి వ్యక్తి నిజంగా జీవించాడా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. కనుక ఈ రూపం పూర్తిగా చిత్రకారుని ఊహయే.

చైనా చిత్రాలలో లావోజీ సాధారణంగా ఎద్దునెక్కి పడమటి కనుమ దాటిపోతున్న పూజ్యునిగా కనిపిస్తాడు. ఇక్కడ ఎద్దు లేదు, కనుమ లేదు, శిష్యులు లేరు. ఉన్నదల్లా బట్టతల, పెద్ద చెవులు, నాసికారంధ్రాల నుండి బయటకు వచ్చిన వెంట్రుకలు. ఆయన అసలు పేరుగా చెప్పే "ఎర్" అన్న మాటకు చెవి అని అర్థం. చెవులు పెద్దవిగా గీయడం అందుకు తగినట్లే ఉన్నది. ముక్కు వెంట్రుకలను మాత్రం ఏ గ్రంథమూ కోరలేదు. మహనీయుని ముఖంలో మరొకరు దాచిపెట్టేదానిని ఈ భిక్షువు దాచలేదు. మొదట నవ్వు తెప్పించినా, కొంతసేపు చూసినచో మన ఇంటి అరుగుమీద కూర్చున్న తాతగారివలె ఆ ముఖం దగ్గరవుతుంది.

ఈ పద్ధతిలో మసి, జిగురు కలిపి చేసిన సిరాకడ్డీని నీటితో అరగదీసి, పలుచన చిక్కదనాలతోనే వెలుగునీడలు చూపుతారు. కాగితం సిరాను వెంటనే పీల్చుకొంటుంది. పెన్సిలు, రబ్బరు అలవాటైన విద్యార్థులు గమనించవలసిన విషయమిది: ఇక్కడ గీత తప్పితే చెరపడానికి వీలులేదు.

చిత్రకారుడు, ఆదరణ

ముచీ సిచువాన్ ప్రాంతీయుడు. హాంగ్‌చౌలోని పశ్చిమ సరస్సు సమీపాన ఒక ఆరామంలో నివసించాడు. ఆయన చాన్ శాఖకు చెందినవాడు. సంస్కృతపు "ధ్యాన" శబ్దమే చైనాలో చాన్‌గా, జపానులో జెన్‌గా మారింది.

స్వదేశంలో ఆయనకు తగిన గౌరవం దక్కలేదు. 1365 నాటి చిత్రకారుల చరిత్రలో షియా వెన్‌యాన్ ఆయన పనిని మోటుదని, ప్రాచీన పద్ధతి లేనిదని నిరసించాడు. జపాను భిక్షువులు మాత్రం ఆయన చిత్రాలను సముద్రం దాటించి భద్రపరచారు. ఈ చిత్రంపై ఉన్న "దోయూ" ముద్ర జపాను షోగన్ అషికగా యోషిమిత్సు (1358–1408)ది. ముచీ పేరిట ప్రసిద్ధి పొందిన చిత్రాలలో అత్యధికం నేటికీ జపానులోనే ఉన్నాయి.