పాఠశాల గ్రంథాలయమున ఖురాను

కోనసీమ పల్లెలలో పుస్తకమునకు కాలు తగిలినచో పిల్లవాడు వెంటనే వంగి దానిని తాకి కన్నులకద్దుకొనును. అది లెక్కల పుస్తకమా, పురాణమా యని చూడడు. వేదాధ్యయనమునకు పేరెన్నిక గన్న వ్యాఘ్రేశ్వరము వంటి గ్రామములలో గ్రంథమును నేలమీద పెట్టరు. వ్యాసపీఠముమీద నుంచి చదువుదురు. ముస్లిం గృహములలో ఖురానును రెహలుమీద నుంచి చదువుదురు. ఈ రెండు పీటలను పక్కపక్కన పెట్టినచో ఏది ఏదియో పోల్చుట కష్టము. రెండును కత్తెరవలె విచ్చుకొను పలకలే. రెంటిని చేసిన వడ్రంగి ఒక్కడే అయినను వింత లేదు.

మర్యాద ఇంత దగ్గరగా నున్నను, పాఠశాల గ్రంథాలయమునకు ఖురాను వచ్చినప్పుడు కొందరు ఉపాధ్యాయులు సంకోచపడుదురు. ఎక్కడ నుంచవలెను? ఎవరు తాకవచ్చును? చినిగినచో ఏమి చేయవలెను? పొరపాటు జరుగునేమో యను భయముతో బీరువాలో పెట్టి తాళము వేయుటయు కలదు. ఈ భయము సదుద్దేశముతో కూడినదే. కాని దాని ఫలమేమనగా, ఏ గ్రంథమును గౌరవింపగోరితిమో ఆ గ్రంథమే పిల్లలకు అందకుండ పోవుచున్నది.

గోదావరీ తీరమునకు ఖురాను కొత్తది కాదు. రాజమహేంద్రవరపు మసీదులోని పారసీక శాసనము 1324వ సంవత్సరము నాటిది. తెలుగున తొలి సమగ్రానువాదము అచ్చయినది 1925లో. అనగా నించుమించు ఆరువందల ఏండ్లు ఈ తీరమున అరబ్బీ పారాయణము సాగిన పిమ్మటగాని తెలుగు చదువరికి ఆ గ్రంథము సొంత లిపిలో చేతికి రాలేదు. ఆ యనువాదమును వెలువరించినవారు చిలుకూరి నారాయణరావుగారు. అనంతపురము దత్తమండల కళాశాలలో అధ్యాపకులై, తరువాత ఆంధ్రభాషా చరిత్రమును రచించిన భాషావేత్త ఆయన. 1940వ దశకము చివర కర్నూలు వాస్తవ్యులు మౌలానా అబ్దుల్ గఫూరుగారు మరియొక యనువాదమును ప్రకటించిరి. కోనసీమకు దూరము కాని పిఠాపురమున అంతకు ముందే ఉమర్ ఆలీషా కవి (1885–1945) తెలుగు పద్యమును పండితులు మెచ్చునట్లు వ్రాయుచుండెను. ఇస్లామును తెలుగు అక్షరమునకు పరాయిదానినిగా ఎంచువారు ఈ మూడు పేర్లను ఒక్కసారి తలచుకొనిన చాలును.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. ముస్లిముల దృష్టిలో ఖురాను అనగా అరబ్బీ మూలమే. అనువాదము దాని భావము మాత్రమే. మార్మడ్యూక్ పిక్తాల్ అను ఆంగ్లేయుడు 1925లో హైదరాబాదు చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానాధ్యాపకుడై వచ్చి, నిజాము ప్రభుత్వ మొసగిన సెలవులో ఖురానును ఇంగ్లీషు చేసెను. 1930లో అది అచ్చయినప్పుడు దానికి ఖురానని పేరు పెట్టక, ఖురాను అర్థమనియే పేరు పెట్టెను. ఆ వినయములో ఒక శాస్త్రమర్యాద ఇమిడియున్నది. అరబ్బీ మూలమును వజూ చేసి, అనగా ముఖము, కాలుసేతులు కడుగుకొని శుచియై తాకుట వారి యాచారము. మూలము లేని అనువాదమునకు ఆ నియమము అంతటి కఠినముగా వర్తింపదని పెక్కుమంది పండితుల యభిప్రాయము. కనుక తెలుగు ప్రతిని తక్కిన గ్రంథములతోపాటు ఏ మతపు పిల్లవానికైనను ఇయ్యవచ్చును. అరబ్బీ ప్రతిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, రెహలుతో వేరుగా నుంచుట మేలు.

ఇక అర సంగతి. డ్యూయీ పద్ధతిలో ఇస్లాము సంఖ్య 297. మన రంగనాథన్‌గారి ద్విబిందు వర్గీకరణములో మతశాస్త్రము Q అను అక్షరము కింద వచ్చును. సంఖ్యల వరుస ఎట్లున్నను, మతగ్రంథములు పై అరతో ఆరంభమగునట్లు బీరువాను సర్దుకొనవచ్చును. వేదములు, బైబిలు, ఖురాను ఒకే ఎత్తున నుండును. ఎవరికిని అభ్యంతర ముండదు. ఖురానుమీద వేరు పుస్తకములను దొంతిగా పేర్చరాదు. పాఠశాల ముద్రను మూలవాక్యములమీద కొట్టక, ముందున్న ఖాళీ పుటమీద వేసిన సరిపోవును.

ప్రభుత్వ పాఠశాలలో మతగ్రంథ మేల యని అడుగువారు కలరు. రాజ్యాంగము 28వ అధికరణము ప్రభుత్వ ధనముతోనే నడచు విద్యాలయములలో మతబోధను నిషేధించినది. బోధ వేరు, అరలోని గ్రంథము వేరు. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో మొదటిదే గ్రంథముల వినియోగమును గూర్చినది. తాళము వేసిన బీరువా ఆ సూత్రమునకు సరిపడదు.

కోనసీమలో పుస్తకమునకు అసలు శత్రువు నీరు. 1986 ఆగస్టు వరదలను, 1996 నవంబరు 6వ తేదీ తుపానును చూచినవారికి దీనిని చెప్పనక్కరలేదు. తడిసిన ఖురానును నేలమీద ఆరవేయరాదు. మంచముమీద శుభ్రమైన వస్త్రము పరచి, పుటలను విప్పి, నీడపట్టున గాలికి ఆరనీయవలెను.

ఆరినను పనికిరాని ప్రతి విషయములోనే అపచారము జరుగుటకు అవకాశ మెక్కువ. పాఠశాలలలో పాత పుస్తకములను తూకమునకు అమ్ముట మామూలు. ఆ కాగితము అంగడి చేరి వేరుసెనగకాయల పొట్లమగును. తాను కంఠస్థము చేసిన వాక్యము ఆ పొట్లముమీద కనబడినచో ఒక ముస్లిం బాలుని మనస్సు ఎట్లుండునో ఊహింపవలెను. జీర్ణించిన ప్రతులను గుడ్డలో చుట్టి, ఎవరును త్రొక్కని చోట పాతిపెట్టుట, లేదా పారు నీటిలో మునుగునట్లు విడుచుట ముస్లిముల యాచారము. మన పెద్దలు జీర్ణించిన తాళపత్రములను గోదావరిలో విడిచినదియు ఇట్టి భావముతోనే. ఈ పనిని ఉపాధ్యాయుడు తానై చేయనక్కరలేదు. తూకమునకు కట్టకట్టుటకు ముందు ఆ ప్రతులను ఏరి, దగ్గరి మసీదు ఇమాముగారికి అప్పగించి, తీసివేత పట్టికలో ఆ పుస్తకము సంఖ్య కెదురుగా ఆ సంగతి వ్రాసి, ప్రధానోపాధ్యాయుని సంతకము చేయించిన చాలును.